ఎడారి పొదల బయోమాస్ లెక్కకట్టడం ఎలా? నేల మారితే లెక్క మారుతుంది

పొడి వాగు ఒడ్డున నిలబడితే పొద మీ తలకంటే ఎత్తుంటుంది. అక్కణ్ణుంచి కాస్త దూరం నడిచి గులకరాళ్ల మైదానంలోకి వెళ్తే అదే జాతి పొద మోకాలి ఎత్తు దాటదు, కొమ్మలన్నీ నేలకు కరుచుకుని ఉంటాయి. ఇసుక దిబ్బ ఎక్కితే మళ్లీ అదే పొద, సగం ఇసుకలో కూరుకుపోయి కొసలు మాత్రమే బయట కనిపిస్తుంది. పొద కొలతల నుంచి బరువు లెక్కకట్టే ఒకే సమీకరణంలో ఈ మూడింటినీ పెట్టి "హెక్టారుకు ఇన్ని టన్నులు" అని రాస్తే ఆ అంకె మూడింటిలో దేనికీ సరిపోదు. నేను చూసినంతలో ఎడారి పొదల బయోమాస్ (పుస్తకాల భాషలో జీవద్రవ్యరాశి) లెక్కల్లో పెద్ద తప్పులు వచ్చేది ఇక్కడే. తూకంలో పొరపాటు జరిగితే కొన్ని గ్రాములు తేడా వస్తుంది. నేలల్ని కలిపేస్తే మొత్తం రెట్టింపు కావచ్చు. ఎలాగో చివర్లో లెక్క వేసి చూపిస్తాను.

ముందు తేల్చుకోవాల్సింది: దేని బరువు?

బయోమాస్ అంటే మొక్కను పూర్తిగా ఎండబెట్టాక ఉండే బరువు. పచ్చి బరువు వాన పడిన వారంలో ఒకలా, నడి ఎండాకాలంలో ఇంకోలా ఉంటుంది, దాని మీద ఆధారపడలేం. ఏ భాగాలు తూచాలన్నది మీ అవసరాన్ని బట్టి ఉంటుంది. పశువులకు మేత ఎంతుందో తెలియాలంటే ఆకులు, ఈ ఏడాది వేసిన లేత రెమ్మలు చాలు. వంటచెరకు లెక్కకైతే ఎండు కొమ్మలు ముఖ్యం. కార్బన్ లెక్కకైతే కట్టె, ఎండు కొమ్మ, వేరు అన్నీ కావాలి.

ఎడారి పొదల్లో ఒక సంగతి గమనించండి. పచ్చగా బతికున్న పొదలోనే చచ్చిపోయిన కొమ్మలు బోలెడు ఉంటాయి. తేమ లేక అవి త్వరగా కుళ్లవు, ఏళ్ల తరబడి అలాగే నిలబడి ఉంటాయి. అందుకని బతికిన భాగం, ఎండిన భాగం విడివిడిగా తూచాలని మొదటి రోజే నిర్ణయించుకోండి. కోసి కుప్ప వేశాక విడదీయడం నరకం.

అనుమతి సంగతి కూడా ఇప్పుడే చూసుకోవాలి. చాలా ఎడారుల్లో పొదల్ని కొట్టడంపై నిషేధం ఉంది, అది న్యాయమే. ఒక పొద ఈ ఎత్తుకు రావడానికి దశాబ్దాలు పట్టి ఉండొచ్చు. కోయడానికి వీల్లేని చోట వాడే పద్ధతి కిందే చెప్పాను.

నేలను విడగొట్టండి

ఉపగ్రహ చిత్రం తెరిచి మీ ప్రాంతాన్ని ముక్కలుగా గీయండి. సాధారణంగా ఎదురయ్యేవి ఇవి: కదిలే ఇసుక దిబ్బలు, మొక్కలు పట్టి నిలదొక్కుకున్న దిబ్బలు, దిబ్బల మధ్య పల్లాలు, గులకరాళ్ల మైదానం, కొండ కింద రాళ్లు మేట వేసిన వాలు, ఉప్పు పేరిన చవిటి నేల, పొడి వాగులు. అన్నీ ఉండాలని లేదు. నాలుగైదు రకాలు మించితే ఒక్కో రకానికి చాలినన్ని ప్లాట్లు (పొదల్ని కొలవడానికి గుర్తుపెట్టుకునే నేల ముక్కలు) వేయడం మీ వల్ల కాదు.

ఈ విభజనకు మూలం నీళ్లే. వానలు బాగా పడే ప్రాంతాల్లో నీటిని పట్టి ఉంచే బంకమట్టి మొక్కకు మేలు చేస్తుంది. ఎడారిలో ఇది తలకిందులవుతుంది. ఇసుకలో పడ్డ కాసిన్ని చినుకులు చకచకా లోతుకు దిగిపోతాయి, ఎండ వాటిని అందుకోలేదు. బంకనేలలో అవే చినుకులు పైపైనే ఉండి మర్నాటికి ఆవిరైపోతాయి. వాగుకైతే చుట్టుపక్కల నేల మీద పడిన నీళ్లు కూడా వచ్చి చేరతాయి. మ్యాపులో గీతలు గీసేటప్పుడు "ఇక్కడ నీళ్లు ఎటు పోతాయి, ఎక్కడ ఆగుతాయి?" అని అడుగుతూ గీయండి, విభజన దానంతట అదే కుదురుతుంది.

వాగుల విషయంలో ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. పది మీటర్ల వెడల్పున్న వాగు 30 మీటర్ల పిక్సెల్ ఉన్న ల్యాండ్‌శాట్ చిత్రంలో సరిగ్గా కనపడదు. స్పష్టమైన చిత్రం మీద చేత్తో గీయండి, ఆపైన నడిచి వెళ్లి సరిచూసుకోండి. ఒక్కో రకం నేల ఎన్ని హెక్టార్లో రాసిపెట్టుకోండి, చివరి లెక్క ఆ అంకెల మీదే నిలబడుతుంది.

ప్లాట్లు ఎన్ని, ఎంత పెద్దవి?

పొదలు ఒత్తుగా ఉంటే 10 × 10 మీటర్లు సరిపోతాయి. పలచగా ఉంటే 20 × 20 లేదా 30 × 30 వేయండి, లేకపోతే సగం ప్లాట్లు ఖాళీగా వస్తాయి. వాగుల్లో చతురస్రం కుదరదు. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు అడ్డంగా ఒక పట్టీ వేసి కొలవండి.

సంఖ్య కోసం ముందు ఒక్కో నేలలో ఐదారు ప్లాట్లు వేసి చూడండి. వాటి సగటులో ప్రామాణిక విచలనం (ప్లాట్ల మధ్య తేడాల కొలత) ఎంత శాతమో కనుక్కుని దాన్ని 2తో గుణించి, మీరు ఒప్పుకోగల తప్పు శాతంతో భాగించి, వచ్చినదాన్ని వర్గం చేయండి. విచలనం 60 శాతం, ఒప్పుకోగల తప్పు 15 శాతం అనుకుంటే 120 ÷ 15 = 8, దాని వర్గం 64 ప్లాట్లు. తప్పు 20 శాతం దాకా ఫర్వాలేదనుకుంటే 36 చాలు. ఎడారిలో పొదలు గుంపులు గుంపులుగా ఉంటాయి కాబట్టి విచలనం పెద్దగానే వస్తుంది, కంగారు పడకండి.

ప్లాటు ఎక్కడ పడాలో కంప్యూటర్‌తో ర్యాండమ్‌గా ముందే తీసుకుని వెళ్లండి. అక్కడికి వెళ్లాక ఒక్క పొద కూడా లేకపోతే కాళ్లు పక్కకు లాగుతాయి. లాగనివ్వకండి. ఆ ప్లాటుకు సున్నా రాయండి. ఆ సున్నా కూడా ఎడారి చెప్పిన జవాబే. గీత మీద పడిన పొదకు ఒకటే నియమం: మొదలు లోపలుంటే లెక్కలోకి, బయటుంటే లేదు.

పొదను కొలవడం

ఒక్కో పొదకు మూడు కొలతలు: గుబురు అత్యధిక పొడవు, దానికి అడ్డంగా వెడల్పు, ఎత్తు. 0.785 × పొడవు × వెడల్పు చేస్తే గుబురు కప్పిన నేల వస్తుంది. ఘనపరిమాణానికి ఆకారాన్ని బట్టి గుణకం మారుతుంది. బోర్లించిన గిన్నెలా ఉన్నా, నిలబెట్టిన కోడిగుడ్డులా ఉన్నా 0.524 × పొడవు × వెడల్పు × ఎత్తు. కింద సన్నగా ఉండి పైకి విచ్చుకుని తలకిందుల శంకువులా ఉంటే 0.262. మీ సమీకరణం మీరే తయారుచేసుకుంటున్నప్పుడు ఏ గుణకం వాడినా మొదటి నుంచి చివరిదాకా అదే వాడితే నష్టం లేదు. వేరేవాళ్ల సమీకరణం తీసుకుంటే మాత్రం వాళ్లు ఏ ఆకారం అనుకున్నారో చూసి అదే వాడాలి. లేదంటే లెక్క సగానికి సగం తేడా వస్తుంది.

సాక్సాల్ లాంటి, కొద్దిపాటి కాండాలతో చెట్టులా పెరిగే పొదలకు మొదలు దగ్గర కాండం వ్యాసం కూడా తీసుకోండి. నేల నుంచి 10 సెంటీమీటర్ల ఎత్తున అనుకుంటే ప్రతి పొదకూ అక్కడే. కాండాలు నాలుగైదు ఉంటే ఒక్కోదాని వ్యాసాన్ని వర్గం చేసి, అన్నీ కూడి, వర్గమూలం తీస్తే ఒకే కాండంతో సమానమైన వ్యాసం వస్తుంది.

ఇక "ఒక పొద" అంటే ఏది? అమాయకంగా కనిపించే ఈ ప్రశ్న ఫీల్డులో గంటలు తినేస్తుంది. అమెరికాలోని మొహావీ ఎడారిలో కింగ్ క్లోన్ అని పిలిచే క్రియోసోట్ పొదల వలయం ఉంది. చూసేవాళ్లకు విడివిడి పొదల్లా ఉంటుంది, నిజానికి ఒకే మొక్క నడిమధ్య చచ్చిపోయి అంచుల్లో వ్యాపిస్తూ వచ్చింది. దాని వయసు సుమారు 11,700 ఏళ్లని అంచనా. వంశం తేల్చడం మన పని కాదు కాబట్టి ఒక నియమం పెట్టుకోండి: గుబురుల మధ్య చేతి వెడల్పు కంటే ఎక్కువ ఖాళీ ఉంటే రెండు పొదలు, లేకపోతే ఒకటి. నియమం ఏదైనా, కోసే పొదకూ ప్లాటులో కొలిచే పొదకూ ఒకటే ఉండాలి.

కోసి తూచడం

ఒక్కో జాతికి, ఒక్కో రకం నేలలో 20 నుంచి 30 పొదలు కోయగలిగితే మంచి సమీకరణం వస్తుంది. వీటిని ర్యాండమ్‌గా తీసుకోకండి. అలా తీసుకుంటే అన్నీ మధ్యరకమే వస్తాయి. అతి చిన్నదాని నుంచి అతి పెద్దదాని దాకా అంచెలుగా ఎంచుకోండి. పెద్ద పొదలు రెండైనా లేకపోతే సమీకరణం పైకొస దగ్గర దారి తప్పుతుంది, మొత్తం బరువులో ఎక్కువ భాగం ఉండేదేమో ఆ పెద్ద పొదల్లోనే.

పొద్దున్నే మొదలుపెట్టండి. పొద పక్కన పెద్ద పట్టా పరిచి అంచుల మీద రాళ్లు పెట్టండి. ముందు కొలతలు, ఫొటో. తర్వాత రంపంతో మొదలు దగ్గర కోసి, కొమ్మల్ని ఒక్కొక్కటిగా పట్టా మీదికి చేర్చండి. ఆకులు, లేత రెమ్మలు ఒక కుప్ప. కట్టె ఒక కుప్ప. ఎండుకొమ్మలు ఒక కుప్ప. కొమ్మ బతికుందో లేదో అనుమానం వస్తే గోటితో గీరండి. లోపల పచ్చదనం, తడి కనిపిస్తే బతికినట్టు. టప్పున విరిగి లోపల బూడిదరంగుంటే ఎండినట్టు. కుప్ప తయారైన వెంటనే తూచేయాలి. ఎడారి గాలికి లేత రెమ్మలు కళ్ల ముందే వాడిపోతాయి, అరగంట ఆగితే పచ్చి బరువు తగ్గిపోతుంది. వేలాడే తూకమైతే గాలికి ఊగుతుంది, వాహనం చాటున గానీ గుడ్డ అడ్డం పెట్టి గానీ తూచండి.

పొదంతా మోసుకెళ్లి ఎండబెట్టలేం. ప్రతి కుప్ప నుంచి కొంత నమూనా తీసి, అక్కడికక్కడే తూచి, కాగితపు సంచిలో వేసి పేరు రాయండి. కట్టె నమూనాలో లావు కొమ్మ, సన్న కొమ్మ రెండూ ఉండాలి.

ఈ కుప్పల విభజనను నేను మొదట్లో తేలిగ్గా తీసుకున్నాను. ఓ సీజన్‌లో టైమ్ లేదని అన్నీ కలిపి ఒకే సంచిలో వేసి ఎండబెట్టాం. తర్వాత ఆ ఏడాది అంకెలు ఏ ఇతర ఏడాదితోనూ పొసగలేదు, నెల రోజుల కష్టం పక్కన పెట్టాల్సి వచ్చింది. ఎందుకలా అవుతుందో ఒక ఊహా పొదతో చూడండి. కట్టె 4.9 కిలోలు, ఆకులు రెమ్మలు 1.5 కిలోలు, మొత్తం 6.4. కట్టె నమూనా 400 గ్రాములు ఎండి 252 అయింది, అంటే 0.63. ఆకుల నమూనా 200 గ్రాములు ఎండి 84 అయింది, అంటే 0.42. విడిగా లెక్కిస్తే 3.09 + 0.63 = 3.72 కిలోలు. రెండు నిష్పత్తుల సగటు 0.525తో 6.4ను గుణిస్తే 3.36 కిలోలే. ఒక్క పొదలోనే దాదాపు పదో వంతు మాయమైంది.

ఓవెన్‌లో ఆకుల్ని 65 నుంచి 70 డిగ్రీల సెల్సియస్ దగ్గర, కట్టెను 105 దగ్గర ఎండబెట్టండి. "48 గంటలు" అని గడియారం చూసి తీసేయకండి. రెండుసార్లు తూస్తే బరువు మారకుండా ఉన్నప్పుడే ఎండినట్టు. లావు కట్టెకు చాలా రోజులు పడుతుంది.

చవిటి నేలల మొక్కలకు ఇంకో మెట్టు ఉంది. సుయెడా, ఆట్రిప్లెక్స్ లాంటివి ఉప్పును ఆకుల్లోనే దాచుకుంటాయి. కొన్నింటి ఎండు ఆకుల బరువులో పావు వంతుకు మించి బూడిదే. ఆ ఉప్పును బయోమాస్‌గా లెక్కిస్తే చవిటి నేల ఉన్నదానికంటే సంపన్నంగా కనిపిస్తుంది. ఎండిన నమూనాలో కొంత పొడిచేసి 500 డిగ్రీల ప్రాంతంలో ల్యాబుల్లో ఉండే కొలిమి, అంటే మఫిల్ ఫర్నేస్‌లో కాల్చి, మిగిలిన బూడిద బరువు తీసేయండి. కార్బన్ లెక్కకు ఇది తప్పనిసరి.

సమీకరణం

వాడే రూపం ఇది: పొడి బరువు = అ × (ఘనపరిమాణం)^ఆ. ఇక్కడ అ, ఆ అనేవి మీ కోతల నుంచి రావాల్సిన రెండు అంకెలు. రెండువైపులా సహజ లాగ్ తీస్తే ఇది సరళరేఖ అవుతుంది, ఎక్సెల్‌లో చుక్కలకు సరిపోయే గీతను కనుక్కునే మామూలు రిగ్రెషన్‌తో వచ్చేస్తుంది.

కానీ రిగ్రెషన్ నొక్కే ముందు లాగ్ అంకెలతో గ్రాఫ్ వేసి, ఒక్కో నేలకు ఒక్కో రంగు ఇవ్వండి. చుక్కలన్నీ ఒకే గీత చుట్టూ కలిసిపోతే ఒకే సమీకరణం చాలు, కోత పని తగ్గినట్టే. రంగులు వేర్వేరు పట్టీలుగా విడిపోతే వేర్వేరు సమీకరణాలు కావాలి. కంటితో చూసింది నిజమేనా అని తేల్చడానికి నేల రకాన్ని కూడా రిగ్రెషన్‌లో ఒక చరరాశిగా చేర్చి పరీక్షించండి. గాలికి ఒరుసుకుపోయిన మైదానంలో పొద పొట్టిగా, గట్టిగా, కొమ్మలు కిక్కిరిసి ఉంటుంది. వాగు పక్కన వదులుగా సాగుతుంది. అదే ఘనపరిమాణంలో మైదానం పొద బరువెక్కువ తూగితే ఆశ్చర్యపోకండి.

లాగ్‌లో వచ్చిన జవాబును తిరిగి కిలోల్లోకి మార్చితే అది సగటున కాస్త తక్కువ వస్తుంది. దీనికి సవరణ ఉంది: రిగ్రెషన్ ఇచ్చిన ప్రామాణిక దోషాన్ని వర్గం చేసి, సగం చేసి, దాని ఎక్స్‌పొనెన్షియల్ తీసి గుణించాలి. దోషం 0.35 అయితే గుణకం 1.063, 0.5 అయితే 1.133. చాలామంది ఈ మెట్టు మర్చిపోతారు, 0.5 దోషమున్న చోట దాదాపు 12 శాతం పోగొట్టుకుంటారు.

ప్లాటులో లెక్కించేటప్పుడు ప్రతి పొదకూ విడిగా సమీకరణం వేసి కూడండి. సగటు పొద కొలతను సమీకరణంలో పెట్టి పొదల సంఖ్యతో గుణించకండి. గీత వంకరది, కాబట్టి ఆ అడ్డదారి తప్పు జవాబు ఇస్తుంది.

కోయకూడని చోట

దీనికి అడిలైడ్ పద్ధతి అని ఒకటుంది, 1979లో ఆస్ట్రేలియాలో పొదల మేతను లెక్కించడానికి ప్రచురించారు. పొదలో చూడగానే ఆనవాలు పట్టగలిగే ఒక కొమ్మను ప్రమాణంగా కోసుకుని చేత్తో పట్టుకుంటారు. దాన్ని పొద పక్కన పెట్టి "ఇలాంటివి ఇందులో ఎన్ని ఉంటాయి?" అని లెక్కిస్తారు. తర్వాత ఆ ఒక్క కొమ్మను ఎండబెట్టి తూచి గుణిస్తారు. ప్రమాణం కొమ్మ పొదలో కనీసం పదో వంతు ఉంటే లెక్కించడం తేలిక. కన్ను అలవాటు పడడానికి ముందు కొన్ని పొదల మీద లెక్కించి, అవే కోసి తూచి సరిచూసుకోవాలి. అనుమతి ఉన్న చోట ఆ పని చేసి రండి. లెక్కించే మనిషి మారితే మళ్లీ సరిచూడాలి.

ఇసుక కింద, నేల కింద

నైట్రేరియా, టామరిక్స్ పొదల చుట్టూ గాలి ఇసుకను పోగేస్తుంది. ఇసుక పెరిగేకొద్దీ పొద పైకి లేస్తుంది, పాత కొమ్మలు లోపలే ఉండిపోతాయి. అలాంటి గుట్టను చేత్తో తవ్వి చూడండి. పైన వేలిమందం రెమ్మలే కనిపించిన చోట, మోచేతి లోతున మణికట్టంత కట్టె తగులుతుంది. "నేలపై భాగం" అంటే ఇసుక పైన కనిపించేదేనా, గుట్ట అడుగు మట్టం నుంచి పైదంతానా? రెండూ చెల్లుతాయి, కానీ ఏదో ఒకటి రాసి ఉండాలి. గుట్ట ఎత్తును పొద ఎత్తులో కలపకుండా వేరే గడిలో రాయండి.

వేర్ల లెక్క కష్టం. అరిజోనాలో ఒక గని తవ్వినప్పుడు సర్కారు తుమ్మకు దగ్గరి బంధువైన మెస్కీట్ వేర్లు 53 మీటర్ల లోతున కనిపించాయి. అంత లోతు ఎవరూ తవ్వరు. ఒక్కో నేలలో నాలుగైదు పొదలకు మొదలు చుట్టూ మీటరు లోతు దాకా తవ్వి, వేర్లను జల్లెడపట్టి, కడిగి, ఎండబెట్టి, పైభాగంతో నిష్పత్తి కట్టండి. రిపోర్టులో "మీటరు లోతు వరకు" అని తప్పకుండా రాయండి. వాగులో కట్టిన నిష్పత్తిని దిబ్బకు వాడకండి. నీళ్ల కోసం వెతుక్కునే తీరు రెండు చోట్లా ఒకటి కాదు.

నేల వారీగా కూడడం

ఇదిగో మొదట చెప్పిన లెక్క. అంకెలు ఊహించినవే. వెయ్యి హెక్టార్ల ప్రాంతం. దిబ్బలు 500 హెక్టార్లు, హెక్టారుకు 1.2 టన్నులు. గులకరాళ్ల మైదానం 400, హెక్టారుకు 0.4. వాగులు 100, హెక్టారుకు 6. మొత్తం 600 + 160 + 600 = 1,360 టన్నులు. ఇదే లెక్కను మూడు సగటుల సగటు తీసి (2.53) వెయ్యితో గుణిస్తే 2,530 టన్నులు వస్తుంది. ఫీల్డులో ఒక్క తప్పూ చేయకపోయినా చివరి గుణకారంలో మొత్తం దాదాపు రెట్టింపైంది.

ఇప్పుడు ఆ సగటులు ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే ప్రామాణిక దోషాలు చూడండి: దిబ్బలకు 0.15, మైదానానికి 0.08, వాగులకు 1.2 టన్నులు. ఒక్కోదాన్ని దాని విస్తీర్ణంతో గుణిస్తే 75, 32, 120. వీటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే 145 టన్నులు. రెండింతలు చేసి 1,360 ± 290 అని రాస్తారు. ఆ అనిశ్చితిలో మూడింట రెండొంతులు పదో వంతు విస్తీర్ణమున్న వాగులదే. ఇంకో వారం ఫీల్డుకు వెళ్లే వీలుంటే దిబ్బలు వదిలేసి ఆ ప్లాట్లన్నీ వాగుల్లో వేయండి. ఇది సమీకరణం తప్పును కలపని లెక్క, అసలు అనిశ్చితి ఇంకాస్త ఎక్కువే ఉంటుంది.

యూనిట్ల దగ్గర తడబడేవాళ్లకు ఒకటి: చదరపు మీటరుకు 100 గ్రాములంటే హెక్టారుకు ఒక టన్ను.

డ్రోన్, ఉపగ్రహం

డ్రోన్ గుబురు విస్తీర్ణాన్ని బాగా ఇస్తుంది. ఎత్తును మాత్రం నమ్మకండి. ఫొటోల నుంచి కట్టే 3డీ మోడల్‌లో సన్నటి పైకొసలు పోతాయి, పొద పొట్టిదవుతుంది. టేపుతో కొలిచిన పొదలతో పోల్చి సవరించుకోండి.

ఉపగ్రహంలో ఎన్‌డీవీఐ (ఆకుల పచ్చదనాన్ని చెప్పే సూచీ) ఇక్కడ ఇబ్బంది పెడుతుంది. పిక్సెల్‌లో ఎక్కువ భాగం మెరిసే మట్టే కాబట్టి సూచీ మట్టి రంగునే చెబుతుంది. మట్టి ప్రభావాన్ని తగ్గించే ఎస్‌ఏవీఐ లాంటివి నయం. రాడార్ మీద ఆశ పెట్టుకునేవాళ్లు 1981లో జరిగింది తెలుసుకోవాలి. స్పేస్ షటిల్ నుంచి పంపిన ఎల్-బ్యాండ్ రాడార్ సహారాలో పొడి ఇసుక పొరను దాటి కింద పూడిపోయిన పాత నదుల దారుల్ని చూపించింది. అద్భుతమైన సంగతే, కానీ మన పనికి అదే చిక్కు: తిరిగొచ్చిన సంకేతం పొదదా, ఇసుక కింది రాళ్లదా? ప్లాట్లు లేకుండా ఉపగ్రహం ఒక్కటే చెప్పలేదు.

ప్రతి పేజీ పైన తేదీ, చివరి వాన ఎప్పుడు పడిందో రాయండి. చాలా పొదలు కరువులో ఆకులు రాల్చేస్తాయి, ఆకుల సమీకరణం ఆ కాలానికే చెల్లుతుంది. ప్లాటు మూలల్లో ఇనుప గూటాలు కొట్టి జీపీఎస్ తీసుకోండి. కదిలే దిబ్బల్లో మాత్రం పొడుగాటి గూటాలు కావాలి, పొట్టివి మీరు తిరిగొచ్చేలోపు ఇసుకలో కలిసిపోతాయి.